గులాబీ నీళ్లు వచ్చేదాకా...

నీళ్లకు ఓ వింత గుణం ఉంది. లోకంలో చాలా వస్తువుల్లాగే అవీ చలికి ముడుచుకుంటాయి. కాకపోతే నాలుగు డిగ్రీల సెల్సియస్ దాకానే. ఆ తర్వాత బుద్ధి మారుతుంది. ఇంకా చల్లబడేకొద్దీ ఒళ్లు విరుచుకోవడం మొదలుపెడతాయి. గడ్డ కట్టేసరికి దాదాపు 9 శాతం పెరుగుతాయి. నిండా నీళ్లు పోసి మూత బిగించిన గాజు సీసాని డీప్ ఫ్రిజ్‌లో పెట్టి మరిచిపోయిన ఇళ్లలో ఈ పాఠం వేరే చెప్పనక్కర్లేదు.

ఆ సీసాకి బదులు ఓ చిన్న ఇంటిని ఊహించుకోండి. చక్రాల మీద నిలబడ్డ ఇల్లు. అందులో వంటింటి సింకు, వేణ్నీళ్ల ట్యాంకు, స్నానాలగది, టాయిలెట్. గోడల వెనకా, నేల కిందా సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు. ఆ ఇంటిని ఆరు నెలలపాటు గడ్డకట్టే చలిలో ఆరుబయట వదిలేయాలి. సీసా పగిలితే పెంకులు ఊడ్చి పారేస్తాం. మరి ఇల్లు పగిలితే?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మినియాపొలిస్ దగ్గర ఉండే మా అక్కావాళ్లకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఇది. 2024 అక్టోబరులో అక్కడికి వెళ్లినప్పుడు దానికి జవాబు నేను దగ్గరుండి చూశాను. చలంటే మనకు లంబసింగి గుర్తొస్తుంది. సున్నాకి దగ్గరగా వెళ్తేనే పేపర్లో ఫొటోలు వేస్తాం. మినియాపొలిస్‌లో జనవరి రాత్రుల సగటు మైనస్ 13 డిగ్రీల దగ్గర ఉంటుంది. అదే రాష్ట్రంలో ఉత్తరాన ఉన్న టవర్ అనే ఊళ్లో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 డిగ్రీలు నమోదైంది. అలాంటి చోట గొట్టంలో మిగిలిన గ్లాసెడు నీళ్లు కూడా శత్రువే.

అమ్మ వంట కోసం కొన్న బండి

క్యాంపర్ అంటే కారు వెనక తగిలించుకుని వెళ్లే ఇల్లు. బావ 2022 వేసవిలో ఓ పాతది కొన్నాడు. సరదాకి కాదు. అమ్మకి బయటి తిండి పడదు. నాన్నకి షుగరు. గంటకోసారి బాత్రూమ్‌కి వెళ్లాలి. అమెరికా వచ్చినా ఈ ఇద్దరూ హాల్లో సోఫా దాటి కదలరని అక్క బెంగ. 'వాళ్లు ఇల్లు వదిలి రాకపోతే ఇంటినే వాళ్లతో తీసుకెళ్దాం' అన్నది బావ ఆలోచన.

2024 వేసవిలో అది ఫలించింది. అమ్మ ఆ అగ్గిపెట్టెలాంటి వంటింట్లో కుక్కరు పెట్టి పప్పుచారు కాచింది. ఇటాస్కా సరస్సు దగ్గర మిసిసిపి నది పుడుతుంది. అక్కడది మన పంటకాలువంత కూడా ఉండదు. రాళ్ల మీద అడుగులేసుకుంటూ దాటేయొచ్చు. కృష్ణా కాలువ కింద ముప్ఫై ఏళ్లు వ్యవసాయం చేసిన నాన్న, ప్యాంటు మడిచి ఆ నదిని దాటి అవతల నిలబడి ఫొటో దిగాడు. మా ఇంట్లో ఇప్పుడు ఫ్రేము కట్టించి ఉన్న ఫొటో అదొక్కటే.

అయితే ఆ బండి అక్కావాళ్లని ఒకసారి ఏడిపించింది కూడా. కొన్న ఏడాది చలికాలానికి ముందు దాన్ని ఓ వర్క్‌షాపుకి ఇచ్చి, డబ్బులు కట్టి, గొట్టాలన్నీ సిద్ధం చేయించారు. 2023 ఏప్రిల్‌లో నీళ్లు పట్టి పంపు వేస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. రెండు వారాల తర్వాత ఓ మూల నేల మెత్తగా దిగబడింది. బండి వెనకవైపు బయట, కాళ్లు కడుక్కోవడానికి చిన్న షవర్ ఉంటుంది. అక్కడ మాత్రం నీళ్లు తీయడం మరిచిపోయారట. గోడ లోపల గొట్టం చీలి, చుక్కచుక్కగా కారి, చెక్క నాని ఉబ్బిపోయింది. ఆ మరమ్మతుకి అయిన ఖర్చు వాళ్ల ఒక నెల ఇంటి వాయిదాకి తక్కువేం కాదు. బండిని అమ్మేద్దామన్న మాట అప్పుడే మొదటిసారి వచ్చింది. అమ్మానాన్నలు వచ్చేదాకా ఉంచుదామని అక్క పట్టుబట్టింది. ఆ ఏడాది నుంచి ఈ పని బావ తనే చేసుకుంటున్నాడు.

ముందు తీయాలి... తర్వాతే పోయాలి

మిన్నెసోటాలో అక్టోబరు నడిమికల్లా రాత్రిళ్లు మంచు పడుతుంది. అలాంటి ఓ శనివారం బావ పని మొదలుపెట్టాడు. మడత కుర్చీ వేసుకుని నాన్న పర్యవేక్షణ. పక్కనే ఏడేళ్ల మేనకోడలు.

మొదట మంచినీళ్ల ట్యాంకు ఖాళీ. తర్వాత మురుగునీళ్ల ట్యాంకులు రెండూ ఖాళీ. వేణ్నీళ్ల ట్యాంకుది మాత్రం కాస్త జాగ్రత్తగా చూడాల్సిన వ్యవహారం. ముందురోజే దాన్ని ఆపేసి చల్లారనివ్వాలి. లోపలి ఒత్తిడి తగ్గించాకే కింది బిరడా విప్పాలి. తొందరపడి విప్పితే సలసల కాగే నీళ్లు ముఖాన కొడతాయి. అక్కావాళ్ల ట్యాంకులో పట్టేవి 6 గ్యాలన్లు, అంటే దాదాపు 23 లీటర్లు. అది ఖాళీ అయ్యాక బైపాస్ వాల్వు తిప్పుతారు. ఇక పంపు తోసేదేదీ అందులోకి వెళ్లదు. ట్యాంకుని చుట్టి పక్కదారిన పోతుంది. ఈ ఒక్క వాల్వు తిప్పడం మరిచిపోతే ఆరు గ్యాలన్ల మందు ఆ ట్యాంకు మింగేస్తుందన్నమాట. నీళ్ల ఫిల్టరు ఉంటే దాన్నీ తీసేయాలి.

ఇక గొట్టాల్లో అట్టడుగున ఉండే రెండు మూతలు విప్పి, కుళాయిలన్నీ తెరిచి, ఉన్న నీళ్లన్నీ కారిపోనిచ్చారు. నాన్న కాసేపు చూసి నవ్వాడు. "మన పొలంలో మోటారు వేసేముందు గొట్టంలో నీళ్లు పోసి గాలిని వెళ్లగొట్టేవాళ్లం. ఇక్కడ గాలిని రానిచ్చి నీళ్లని వెళ్లగొడుతున్నారు" అన్నాడు.

ఎంత కార్చినా వంపుల్లో, పంపు కడుపులో, వాల్వుల సందుల్లో కాసిని నీళ్లు ఉండిపోతాయి. యాంటీఫ్రీజ్ అవసరం అక్కడే. పంపుకి ఉన్న చిన్న గొట్టాన్ని గులాబీరంగు ద్రవం ఉన్న డబ్బాలో ముంచి పంపు ఆన్ చేశాడు బావ. దగ్గరున్న కుళాయితో మొదలుపెట్టి ఒక్కోటే తెరవాలి. ముందు వేణ్నీళ్లవైపు, తర్వాత చన్నీళ్లవైపు. మొదట గాలి తుస్సుమంటుంది. తర్వాత తెల్లటి నీళ్లు. ఆ తర్వాత లేత గులాబీ. చివరికి చిక్కటి గులాబీ. అప్పుడు కట్టేసి ఇంకోదాని దగ్గరికి. "వచ్చింది... వచ్చింది" అని అరిచే పని మేనకోడలిది. షవరు, టాయిలెట్ ఫ్లష్, ఈసారి తప్పకుండా ఆ వెనక షవరు. ఆఖర్న సింకు కిందా స్నానాలగది కిందా దుర్వాసన రాకుండా నీళ్లు నిలబడే వంపుల్లో తలా ఓ కప్పు. మొత్తానికి మూడు గ్యాలన్ల లోపే పట్టింది. ఒక్కో డబ్బా ఐదారు డాలర్లు.

ముందే నీళ్లన్నీ ఎందుకు తీయాలి, నేరుగా మందు తోసేస్తే పోదా అని నాకు అనుమానం వచ్చింది. అలా చేస్తే మిగిలిన నీళ్లతో కలిసి మందు పల్చబడుతుంది. పల్చబడితే దాని బలం పోతుంది. యాంటీఫ్రీజ్ చేసే పనల్లా నీటి అణువులు వరసకట్టి స్ఫటికం కాకుండా మధ్యలో అడ్డుపడటమే. బాగా చలిపెరిగితే అదీ చిక్కబడుతుంది. కానీ రాయిలా బిగుసుకోదు, మంచు జావలా ఉండిపోతుంది. డబ్బా మీద మైనస్ 50 ఫారెన్‌హీట్ అని రాసి ఉంటుంది చూశారూ, అది గొట్టాలు పగలకుండా కాచే హద్దు. అసలు చిక్కబడనే చిక్కబడదని కాదు.

"ఇది పిల్ల తాగే గొట్టం కదా?"

నిజానికి ఆ డబ్బా మూత తీయకముందే ఓ అడ్డంకి వచ్చింది. అడ్డుపడింది నాన్న. "బాబూ, ఆ మందేమిటి? రేపు ఇదే కుళాయి నీళ్లు పిల్ల తాగాలి కదా?" అన్నాడు. ఫర్వాలేదు మావయ్యగారూ అని బావ అన్నా ఒప్పుకోలేదు. డబ్బా చేతికి తీసుకుని, కళ్లజోడు సవరించుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. ప్రొపిలీన్ గ్లైకాల్.

ఆయన భయానికి కారణం ఉంది. గ్లైకాల్ అన్న మాట ఆయన పేపర్లో చదివాడు. 2022లో గాంబియా దేశంలో దాదాపు 70 మంది పిల్లలు మూత్రపిండాలు పాడై చనిపోయారు. మన దేశంలో తయారైన దగ్గుమందుల్లో డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. మేం తిరిగొచ్చిన మరుసటేడు, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో ఇరవైమందికి పైగా పసివాళ్లు దగ్గుమందు తాగి పోయారు. అందులోనూ దొరికింది డైఇథిలీన్ గ్లైకాలే. అమెరికాకీ ఈ గాయం కొత్తది కాదు. 1937లో అదే విషం కలిసిన ఓ మందు తాగి వందమందికి పైగా చనిపోయారు. అమ్మేముందు మందు సురక్షితమని రుజువు చేయాలన్న చట్టం అక్కడ 1938లో వచ్చింది ఆ చావుల తర్వాతే.

పేర్లు అన్నదమ్ముల్లా ఉంటాయి. గుణాలు వేరు. ప్రొపిలీన్ గ్లైకాల్‌ని మందుల్లో, ఐస్‌క్రీముల్లో కూడా వాడతారు. డబ్బాలెత్తి తాగమని కాదుగానీ, గొట్టంలో కాస్త మిగిలినా ప్రాణానికి ముప్పు లేదు. క్యాంపర్ నీళ్ల గొట్టాల కోసం అమ్మేవాటిలో చాలావరకు ఉండేది ఇదే. కారు రేడియేటర్‌లో పోసే యాంటీఫ్రీజ్ చాలావరకు ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక ఆక్సాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాల్లో స్ఫటికాలు కడుతుంది. తీపికి ఆశపడి నాకిన కుక్కలూ పిల్లులూ చచ్చిపోతుంటాయి. అందుకే అక్కడి కంపెనీలు అందులో చేదు కలుపుతున్నాయి. ఒక గ్యారేజీలోనే, ఒక అరలోనే, రెండు డబ్బాలూ పక్కపక్కన ఉంటాయి!

రంగుని బట్టి తెలుసుకోవచ్చుగా అంటారా? అదే వద్దు. కొన్ని కార్ల కూలెంటు కూడా గులాబీ రంగులోనే వస్తుంది. చవగ్గా దొరికే కొన్ని క్యాంపర్ డబ్బాల్లో ఆల్కహాల్ కలుస్తుంది. అది రబ్బరు వాషర్లని ఎండబెడుతుంది. కాబట్టి రంగు కాదు, పేరు చదవాలి. తాగునీటి గొట్టాలకు పనికొస్తుందని రాసి ఉందో లేదో చూడాలి. నాన్న చేసింది అంతకంటే ఏమీ కాదు. కానీ అలా చదివేవాళ్లు ఇంటికొకరుండాలి.

పుస్తకంలో లేని కుళాయి

అంతా అయిపోయిందనుకుని బావ చేతులు తుడుచుకుంటున్నాడు. కంపెనీ ఇచ్చిన పుస్తకంలోని జాబితాలో ప్రతి గడికీ టిక్కు పడింది. నాన్న టాయిలెట్‌లోంచి తల బయటపెట్టి, "మరి దీని సంగతేమిటి?" అన్నాడు. ఆయన చేతిలో జెట్ స్ప్రే!

అది అమెరికా కంపెనీ పెట్టింది కాదు. మనవాళ్లకి కాగితంతో గడవదు కదా. అమ్మానాన్నలు వస్తున్నారని ఆ వేసవిలోనే బావ టాయిలెట్ గొట్టానికి ఓ టీ బిగించి దాన్ని తగిలించాడు. నాన్న మీట నొక్కాడు. తెల్లటి నీళ్లు వచ్చాయి. గులాబీ రాలేదు. ఆ గజం గొట్టంలో గ్లాసెడు నీళ్లు భద్రంగా కూర్చుని ఉన్నాయి. బావ ఒక్కమాటా మాట్లాడకుండా మళ్లీ పంపు వేశాడు. ఈసారి "వచ్చింది" అన్నది నాన్నే.

అమెరికా నుంచి వచ్చాక కూడా నాకు ఆ గ్లాసెడు నీళ్లు చాలాసార్లు గుర్తొచ్చాయి. తయారుచేసినవాళ్లు రాసిచ్చిన జాబితాలో వాళ్లు పెట్టినవే ఉంటాయి. మన అలవాటు కోసం, మన పెద్దవాళ్ల సుఖం కోసం మనం కలుపుకున్నది ఏ పుస్తకంలోనూ ఉండదు. దాన్ని గుర్తుపెట్టుకోవాల్సింది వాడేవాళ్లే. అందుకే బావ అక్కడికక్కడే జాబితా చివర పెన్నుతో ఇంకో గడి గీసి, పక్కన తెలుగులో 'జెట్' అని రాశాడు.

నవంబరు మొదటివారంలో అమ్మానాన్నల ఆరు నెలల గడువు ముగిసింది. మేం బయల్దేరేసరికి బండి మీద టార్పాలిన్ కప్పి ఉంది.

చలి వదిలాక చేయాల్సిన పని సులువే. ట్యాంకులో మంచినీళ్లు నింపి, గులాబీరంగూ నురగా పోయేదాకా కుళాయిలన్నీ వదలాలి. తర్వాత 15 గ్యాలన్ల నీటికి పావు కప్పు చొప్పున వాసన కలపని బ్లీచు పోసి, గొట్టాలన్నిట్లోకీ పారించి, కొన్ని గంటలుంచి కడిగేయాలి. 2025 ఏప్రిల్‌లో ఓ ఆదివారం అక్కావాళ్లు ఆ పని పెట్టుకున్నారు. మనకి రాత్రి పదైనా నాన్న పడుకోలేదు. వీడియో కాల్ రాగానే పలకరింపులు కూడా లేవు.

"జెట్ నొక్కి చూశావా బాబూ?"

"చూశాను మావయ్యగారూ. ఎక్కడా చుక్క కారట్లేదు."

"అయితే వచ్చే ఏడాదికి టికెట్లు చూడొచ్చు" అని అమ్మవైపు తిరిగాడు నాన్న.