ఐదు లక్షల పన్నెండు

500012 హైదరాబాద్‌లోని హోల్‌సేల్ బజారు బేగంబజార్ పిన్‌కోడ్. దేశంలో పిన్‌కోడ్లు 1972 ఆగస్టు 15న వచ్చాయి. మొదటి 5 దక్షిణాది గుర్తు. ఎండుఖర్జూరం పెట్టెల మీద నల్ల స్కెచ్‌పెన్నుతో రాసే ఈ అంకెల్ని ఐదు లక్షల పన్నెండు అని ఎవరూ చదవరు. చదివితే తమాషాగా ఉంటుంది.

చివర 12 ఉంది కాబట్టి 4తో నిశ్శేషంగా పోతుంది. భాగిస్తే వచ్చే 125003 మహా మొండిది. 353 వరకూ ఉన్న 71 ప్రధాన సంఖ్యల్లో దేనికీ లొంగదు. అంటే అదీ ప్రధాన సంఖ్యే. పన్నెండుకే ఆరు భాజకాలుంటే, ఇంత పెద్దదానికీ ఆరే: 1, 2, 4, 125003, 250006, 500012. తనను తాను వదిలేసి మిగతావి కూడితే 375016, అసలు కన్నా దాదాపు పావు వంతు తక్కువ. గణితంలో దీన్ని న్యూన సంఖ్య అంటారు. హోల్‌సేల్ బజారు సంఖ్య డజన్లలోనూ ఇమడదు: 41667 డజన్లు కట్టాక ఎనిమిది మిగులుతాయి.