జీపు కింద చప్పుడు

2025 ఆగస్టు 5, మంగళవారం, పాడేరు

పొద్దున్నే చింతపల్లి వైపు నుంచి పాత ఫోర్‌వీల్ డీజిల్ జీపు వచ్చింది. "మేస్త్రీ, ముందు ఎడమ చక్రం దగ్గర కటకటమంటోంది. స్టీరింగు తిప్పితే మరీ ఎక్కువ. మెల్లగా పోతే కిచకిచ కూడా" అన్నాడు డ్రైవరు. నెల కిందట మైదానంలో ఎక్కడో ముందు యాక్సిల్ జాయింట్లు రెండూ మార్పించాడట. వేలు వదిలాయి, చప్పుడు వదల్లేదు.

పానా పట్టుకోలేదు. పక్కన కూర్చుని ఓ రౌండు వేయించాను. తారు రోడ్డు మీద స్పెషల్ గేరు, అంటే ఫోర్‌వీల్ డ్రైవ్, వేసే ఉంది. ఎందుకు బాబూ అంటే, ఘాటీలో పట్టు ఉంటుందని అన్నాడు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం తిరగాలి. ఈ జీపు ట్రాన్స్‌ఫర్ కేసులో డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే. బురదలో అయితే టైరు కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు, ఆ బిగువంతా జాయింట్లు మోస్తాయి. గేరు తీయించి అదే మలుపు తిప్పించాను. కటకట పోయింది, కిచకిచ అలాగే ఉంది. రెండు చప్పుళ్లను ఒకటనుకుని వైద్యం చేశారన్నమాట.

ఆగస్టు 6, బుధవారం

వాన. షెడ్డులోనే పని. టైరు మీద సుద్దముక్కతో గీత గీసి, ఇంజను ఆపి, న్యూట్రల్‌లో కుర్రాళ్ల చేత తోయించాను. అయినా కిచ్‌మంటోంది. ఇంజనూ క్లచ్చీ పక్కకు తప్పుకున్నాయి. వంగి లెక్కపెట్టాను: సుద్ద గీత మళ్లీ నేలకొచ్చేలోపు ఐదుసార్లు. ఈ బండి క్రౌనుకి 43 పళ్లు, పినియనుకి 8. చక్రం ఒక్క చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్టు ఐదు చుట్లు దాటి తిరుగుతుంది. చక్రం దగ్గరి జాయింటైతే ఇన్నిసార్లు అరవదు.

ఏ షాఫ్టు? ముందు హబ్బులు ఫ్రీ చేయించాను. ఇక ముందు యాక్సిలూ ముందు షాఫ్టూ కదలవు. మళ్లీ తోశారు. కిచ్. వెనకదే. డ్రైవరుకి ముందు నుంచి వినిపించిందంటే అబద్ధం కాదు. ఛాసిస్ ఇనుము చప్పుణ్ణి ఎక్కడికైనా మోసుకుపోతుంది. అందుకే చెవి చెప్పిన చోట పానా పెట్టకూడదు.

ఆగస్టు 7, గురువారం

చక్రాలకు దిమ్మలు పెట్టి కిందికి దూరాను. ఒక చేత్తో యోకు, ఒక చేత్తో షాఫ్టు పట్టి ఎదురెదురుగా తిప్పి చూశాను. డిఫరెన్షియల్ వైపు జాయింటు క్రాసు గట్టిగా ఉంది. ట్రాన్స్‌ఫర్ కేసు వైపుది వెంట్రుకవాసి కదిలింది. కప్పు అంచున కుంకుమలాంటి ఎర్ర పొడి. విప్పేముందు యోకుల మీద పంచితో గుర్తులు కొట్టాను. రెండు చివరల యోకులూ ఒకే వరసలో కూర్చోకపోతే కొత్తగా వణుకు పుడుతుంది.

మూడు కప్పుల్లో నల్లటి గ్రీజుంది. నాలుగోదాంట్లో చుక్క లేదు. సూది బేరింగులు సగం పొడైపోయాయి, మిగిలినవి క్రాసు కాలి మీద గాట్లు పెట్టాయి. డ్రైవర్ని పిలిచి గోరుతో తడిమి చూడమన్నాను. ప్రతి గాటు దగ్గరా గోరు ఆగింది. అతనేం మాట్లాడలేదు.

నాకు గుండె ఝల్లుమన్నది దీనికి కాదు. ఈ పాత జీపుకు హ్యాండ్‌బ్రేకు చక్రాలకుండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక డ్రమ్ముకుంటుంది. టూవీల్‌లో ఉండగా ఆ క్రాసు తెగితే, ఘాటీలో హ్యాండ్‌బ్రేకు లాగినా బండి ఆగదు. సంతకెళ్లే జనం ఎక్కే జీపు ఇది.

ఆగస్టు 10, ఆదివారం

కొత్త క్రాసు వేసి పంపిన బండి మళ్లీ వచ్చింది, చూపించుకుందామని. చప్పుడు లేదు. క్రాసుకి గ్రీజు కొట్టే నిపిల్ డ్రమ్ము వెనక బురదలో పూడుకుపోయి ఉంటుంది. షాఫ్టు కాస్త తిప్పి, తుడిచి, నాలుగు కప్పుల నుంచీ గ్రీజు బయటికి కనిపించేదాకా గన్ను కొట్టాలని డ్రైవరుకీ మా కుర్రాడికీ చేసి చూపించాను. తారెక్కగానే స్పెషల్ గేరు తీసెయ్యమన్నాను.

మైదానంలో తీసేసిన ముందు జాయింట్లు సీటు కింద గోనెసంచిలో ఉన్నాయి. తీసి తిప్పి చూశాను. రెండూ బాగానే ఉన్నాయి. పారెయ్యొద్దని చెప్పాను.