పిల్లి తోక కింద అన్నం మెతుకులు



మీ ఇళ్లల్లో పిల్లులు ఎంతగా పెరిగాయో ఇంగ్లిష్ కాంపోజిషన్ నోట్‌బుక్కులు దిద్దే నాకు బాగా తెలుసు. నేను టీచర్‌గా చేరిన కొత్తలో ‘మై పెట్’ అని రాయమంటే దాదాపు అందరూ కుక్క గురించే రాసేవారు. ఇప్పుడు సగం క్లాసు పిల్లి గురించే రాస్తోంది. ఈ ఏడాది నాలుగో తరగతి బాబు ఒకడు, తన పిల్లి తోక కింద అన్నం మెతుకులు అంటుకుంటున్నాయనీ, అవి కదులుతున్నాయనీ రాశాడు. స్పెల్లింగులన్నీ కరెక్టే. కానీ టిక్ పెట్టి వదిలేసే విషయం కాదు కదా. డైరీలో నోట్ రాసి పంపాను.

మర్నాడే వాళ్లమ్మగారు వచ్చారు. పిల్లిని చేపల మార్కెట్ దగ్గర వదిలేయాలని ఇంట్లో అప్పటికే అనుకున్నారట. బాబు రాత్రిళ్లు నిద్రలో గోక్కుంటున్నాడు, ఇంట్లో పాకే వయసు పాప కూడా ఉంది. “పిల్లి పురుగులే మావాడికి అంటుకున్నాయి మేడమ్” అన్నారావిడ. ఆ భయంలో కొంత నిజం ఉంది, కొంత లేదు. మా ఇంట్లోనూ పిల్లి ఉంది కాబట్టి ఈ సంగతులు నాకు కాస్త తెలుసు. మీలో ఇంకా ఎవరింట్లోనైనా ఇదే మాట నడుస్తోందేమోనని రాస్తున్నాను.

ముందు ఆ గోకుడు సంగతి. పిల్లలకు రాత్రిపూట మలద్వారం దగ్గర దురద పెట్టే సన్నటి తెల్ల నులిపురుగులు మనుషుల్లోనే బతుకుతాయి. గోళ్ల సందుల నుంచి, దుప్పట్ల నుంచి, ఒక పిల్లాడి నుంచి ఇంకో పిల్లాడికి వస్తాయి. పిల్లికి దాంతో ఏ సంబంధమూ లేదు. దానికి పిల్లల డాక్టర్‌ను చూడాలి, ఇంట్లో అందరూ గోళ్లు కత్తిరించుకోవాలి.

ఇక ఆ మెతుకులు. అవి బద్దెపురుగు ముక్కలు. ఎండితే దోసగింజల్లా కనిపిస్తాయి. పిల్లి బొచ్చులో గెంతే చిన్న గోధుమరంగు పురుగులను డాక్టర్లు ‘ఫ్లీ’ అంటారు. పిల్లి ఒళ్లు నాక్కుంటూ వాటిని మింగితే దాని పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. మనిషికి రావాలన్నా అలాంటి ఫ్లీని మింగాల్సిందే, పిల్లిని నిమిరితే రాదు. చూడ్డానికి అసహ్యమే గానీ, అంత కంగారు పడాల్సింది దాని గురించి కాదు. మందు వేయించి ఫ్లీలను మాత్రం వదిలేస్తే కొన్ని వారాల్లో మళ్లీ అవే మెతుకులు.

అసలు జాగ్రత్త పడాల్సింది కంటికి కనిపించని దాని గురించి. పిల్లుల్లో ఏలికపాముల రకం పురుగులుంటాయి. ఇవి పిల్లికూనలకు తల్లిపాల నుంచే వచ్చేస్తాయి. కూన ఒళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం కుండలా ఉంటే, పాలు బాగా తాగి బొద్దుగా అయిందని మనం ముచ్చటపడి ఫొటోలు తీస్తాం. అది చాలాసార్లు పురుగుల పొట్టే. బొచ్చులో మెరుపు తగ్గడం, విరేచనాలు, ఒక్కోసారి వాంతిలో వండిన సేమ్యాలాంటి పురుగు పడటం దీని గుర్తులు. పెద్ద పిల్లిలో ఏ గుర్తూ లేకపోవచ్చు, మలంలో గుడ్లు మాత్రం పడుతూనే ఉంటాయి. ఆ గుడ్లు మట్టి చేతులతో పిల్లల నోట్లోకి వెళ్తే, వాటి లార్వాలు లివర్‌కో ఊపిరితిత్తులకో చేరవచ్చు. అరుదుగా కంటికి చేరి చూపును దెబ్బతీస్తాయి. అరుదే, కానీ కన్ను కదండీ.

అయితే మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. అప్పుడే పడిన మలంలోని గుడ్లు వెంటనే అంటవు. అవి ముదరడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ట్రేను రోజూ ఎత్తేసి, కవర్లో కట్టి చెత్తలో వేసి, సబ్బుతో చేతులు కడుక్కుంటే ప్రమాదం చాలావరకు అక్కడే ఆగిపోతుంది. మట్టిలో వదిలేస్తేనే ఏళ్ల తరబడి బతుకుతాయి. ఈ పని పెద్దవాళ్లు చేయాలి, పిల్లలకు అప్పగించకండి. గర్భిణులు ట్రే ముట్టొద్దని డాక్టర్లు చెప్పేది టాక్సోప్లాస్మా అనే వేరే సూక్ష్మజీవి వల్ల. ఆ మాటా పాటించాల్సిందే.

మందు విషయానికొస్తే, ఊళ్లల్లో గొర్రెలకు నట్టల మందు తాగించాలని అందరికీ తెలుసు. పిల్లికీ కావాలంటే మాత్రం నవ్వుతారు. కూనలకు మూడో వారం నుంచి రెండు వారాలకోసారి, ఎనిమిది వారాలు దాటాక ఆరు నెలల వయసు వరకు నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి వేయించడం మామూలు పద్ధతి. పిల్లిని తూచి, ఆ బరువును బట్టి డాక్టరే మోతాదు చెప్పాలి. ప్రభుత్వ పశువైద్యశాలలోనూ అడగొచ్చు. ఏలికపాములకు పైరాంటెల్, బద్దెపురుగుకు ప్రాజిక్వాంటెల్ వాడతారు, రెండూ కలిసిన మాత్రలూ ఉన్నాయి. ఇల్లు దాటని పిల్లికి ఎందుకంటారా? ఎలుకను పట్టి తిన్నా వస్తాయి. ఆ మాత్ర మింగించడం తొమ్మిదో తరగతితో గ్రామర్ చేయించడం కంటే కష్టం, అది మాత్రం ముందే చెబుతున్నాను. పిల్లిని టవల్‌లో చుట్టి పట్టుకుంటే కొంత నయం. ఆ బాబు వాళ్ల పిల్లికీ ఇలాగే వేశారట, మార్కెట్ ఆలోచన మానుకున్నారు.

ఫిబ్రవరి 10న నులిపురుగుల నివారణ దినం నాడు అల్బెండజోల్ మాత్ర ఇస్తుంటే, “మిస్, సగం మా పిల్లికి తీసుకెళ్లనా?” అని అడిగే పిల్లలున్నారు. ప్రేమతోనే అడుగుతారు, కానీ ఇవ్వకూడదు. అది పిల్లుల ఎముక మజ్జను దెబ్బతీయవచ్చు. జ్వరం మాత్ర పారాసెటమాల్ అయితే పిల్లి ప్రాణమే తీస్తుంది. కుక్కల మీద చల్లే పెర్మెత్రిన్ మందు కూడా అంతే. ఇంట్లో మందుల డబ్బా ఎక్కడుందో ఒకసారి చూసుకోండి.

చివరగా మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు ఒక మాట. పిల్లలు ఆడుకునే ఇసుక గుంతను రాత్రిపూట టార్పాలిన్‌తో కప్పించండి. వీధి పిల్లులకు మెత్తటి ఇసుక కనిపిస్తే అదే బాత్‌రూమ్.