రెండు నిమిషాల విమానం

పిల్లలూ, విమానమంటే సముద్రాలు దాటి దూరదేశాలకు పోయేదని కదూ మీరనుకునేది! స్కాట్లండుకు ఉత్తరాన ఆర్క్నీ దీవులున్నవి. వాటిలో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకు దూరం సుమారు 2.7 కిలోమీటర్లే. ఇంతమాత్రం దూరానికి లోగనేర్ కంపెనీవారు 1967 నుంచి విమానం నడుపుతున్నారు. పట్టికలో వేసిన ప్రయాణకాలం రెండు నిమిషాలు. గాలి వాలుగా వీస్తే అంత కూడా పట్టదు. ఒకసారి 53 సెకండ్లలోనే దిగింది!

ఇదేదో వేడుక కోసమనుకునేరు. పాపా వెస్ట్రేలో నూరుమంది కూడా లేరు. పడవ వున్నది గాని, చలికాలం సముద్రం పొంగితే దాన్ని నమ్ముకోవటం కష్టం. అందుకని వైద్యానికి వెళ్ళే ముసలివాళ్ళూ, బడికి వచ్చే మేస్టర్లూ ఈ విమానమే ఎక్కుతారు. దాని పేరు ఐలాండర్. రెండు ఇంజన్లు, ఎనిమిదిమంది ప్రయాణీకులు. ఒకరు పైలట్ పక్కనే కూర్చోవచ్చు. పొడుగాటి రన్‌వే అక్కరలేదు, కొద్ది దూరం పరుగెత్తి లేచిపోతుంది.

వాగు దాటి బడికి వచ్చే మేస్టర్లను నేనెరుగుదును. విమానమెక్కి బడికి పోయే మేస్టరు సంగతి తెలిసినప్పుడు మాత్రం నాకు కాస్త అసూయ కలిగింది. అయితే దట్టంగా పొగమంచు కమ్మిందంటే విమానం కదలదు. అప్పుడు పిల్లలు ఈ దీవిలో, మేస్టరుగారు ఆ దీవిలో!