వడ్డీ లేని అప్పు, మా నాయిన డిపాజిట్

2011లో నేను ఇంజనీరింగ్‌లో చేరేనాటికి మా నాయిన దగ్గర రెండు లక్షలున్నాయి. హైదరాబాద్ పత్తర్‌గట్టీలోని పెళ్లిబట్టల దుకాణాలకు షేర్వానీలు కుట్టి, చిట్టీలు కట్టి, నా చదువు కోసమే దాచిన డబ్బు. ఫీజు రీయింబర్స్‌మెంటుకు అప్పట్లో మాలాంటి బీసీలకు ఏడాది ఆదాయం లక్ష దాటకూడదు. మాది కొద్దిగా దాటింది. కాబట్టి ఫీజు మేమే కట్టుకోవాలి.

అయితే 2009-10 నుంచి కేంద్ర ప్రభుత్వం విద్యారుణాలకు ఒక పథకం పెట్టింది. ఇంటి ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షలు మించని పిల్లలు వృత్తివిద్యా కోర్సు కోసం బ్యాంకులో అప్పు తీసుకుంటే, చదువుకునే కాలానికి, ఆపైన ఇంకో ఏడాదికి వడ్డీ అంతా ప్రభుత్వమే కట్టేది. ఈలోపు ఉద్యోగం వస్తే, వచ్చిన ఆరు నెలల దాకానే. నాలుగు లక్షల వరకు తాకట్టు కూడా అడిగేవారు కాదు.

మా చిన్నాయిన లాల్‌దర్వాజలో మా ఇంటికొచ్చి లెక్క చెప్పాడు. "సర్కారే వడ్డీ కడతనంటుంటే చేతుల పైసలు ఎందుకు తీస్తవన్నా? బిడ్డ పేరు మీద అప్పు తీస్కో. నీ రెండు లక్షలు డిపాజిట్ చెయ్యి. ఐదేండ్లకు మూడు దాటుతయి."

ఆ లెక్కలో తప్పేమీ లేదు. అప్పట్లో డిపాజిట్ మీద తొమ్మిది శాతం దాకా వడ్డీ వచ్చేది. మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలుస్తూ పోతే రెండు లక్షలు ఐదేళ్లకు మూడు లక్షల పన్నెండు వేలవుతాయి. పైగా అందులో దొంగతనమూ లేదు. పథకం ఉన్నది మాలాంటి వాళ్ల కోసమే. మండల కార్యాలయం నుంచి ఆదాయ ధ్రువపత్రం తెచ్చి బ్యాంకులో ఇచ్చాం. నాయిన సహరుణగ్రహీతగా సంతకం పెట్టాడు. అదే శాఖలో డిపాజిట్ కూడా చేశాడు. ఏడాదికో లక్ష చొప్పున బ్యాంకే కాలేజీకి పంపేది.

2016 ఎండాకాలంలో కిస్తులు మొదలయ్యే ముందు స్టేట్‌మెంటు తీసుకున్నాను. నాలుగు లక్షలుండాల్సిన చోట ఐదు లక్షల అరవై ఎనిమిది వేలుంది. పన్నెండు శాతం చొప్పున మొదటి ఏడాది పన్నెండు వేలు, రెండో ఏడాది ఇరవై నాలుగు, తర్వాత ముప్పై ఆరు, ఆఖరి రెండేళ్లూ నలభై ఎనిమిదేసి వేలు. మొదటి రోజు నుంచీ వడ్డీ నా పేరునే నడిచింది. ప్రభుత్వం నుంచి ఒక్క రూపాయి జమ కాలేదు.

ఈ పథకం ఎలా నడుస్తుందో నాకు అప్పుడే తెలిసింది. అప్పు వడ్డీ లేనిదేమీ కాదు. వడ్డీ రోజూ పడుతూనే ఉంటుంది. ఏ విద్యార్థికి ఎంత పడిందో శాఖ లెక్క రాసి క్లెయిము పంపాలి. నోడల్ బ్యాంకుగా ఉన్న కెనరా బ్యాంకు ద్వారా కేంద్రం డబ్బు విడుదల చేయాలి. అది వచ్చి ఖాతాలో పడితేనే మన మీది భారం దిగుతుంది. శాఖలో ఒక గుమాస్తా ఆ కాగితం పంపకపోతే, ఢిల్లీలో ఎంత మంచి పథకం ఉన్నా లాల్‌దర్వాజ దాకా రాదు.

నాలుగు లక్షలకైతే ఏడేళ్ల పాటు నెలకు ఏడు వేల కిస్తు. ఐదు లక్షల అరవై ఎనిమిది వేలకు పది వేలు. నాకు అప్పుడు జీతం ఎనిమిది వేలు. వడ్డీ సంగతి అడిగితే మేనేజర్ సారు ప్రతిసారీ "చూస్తామమ్మా" అన్నాడు. కిస్తులు తప్పాయి. ఆ నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాయి. పెళ్లిళ్ల కాలంలోనే పత్తర్‌గట్టీలో దుకాణాలు బోసిపోయాయి, నాయినకు పని తగ్గింది.

2017 జనవరిలో నాయినకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. ఉస్మానియా ఆసుపత్రిలో పైసా లేకుండా చూశారు, ప్రాణం నిలబెట్టారు. కానీ ఇంటికొచ్చాక మందులు, ఫిజియోథెరపీ, ఇంటి కిరాయి మా మీదే. కత్తెర పట్టే చెయ్యి అన్నం ముద్ద కూడా ఎత్తలేకపోయింది. ఆ చెయ్యి వైపు చూడకుండా మొహం పక్కకు తిప్పుకునేవాడు. మాట సరిగ్గా తిరగకపోయినా ఒకటే అనేవాడు: "డిపాజిట్ ఉన్నది గద బిడ్డా, తీస్కరా."

తేలేకపోయాను. అప్పు మొండిబాకీ అయిందని, సహరుణగ్రహీత డిపాజిట్ కాబట్టి దాని మీద లీన్ పెట్టామని, అంటే తీయకుండా ఆపామని శాఖలో చెప్పారు. పొదుపు ఖాతాలో ఉన్న కొద్దిపాటి కూడా కిస్తు కింద లాగేసుకున్నారు. బ్యాంకులకు ఆ హక్కు ఉంది, 1872 నాటి కాంట్రాక్టు చట్టం నుంచే ఉంది. అప్పూ పొదుపూ ఒకే బ్యాంకులో ఉంటే ఆపద రోజున పొదుపు మనది కాకుండా పోవచ్చని మాకు ఎవరూ చెప్పలేదు. వడ్డీ తేడా ఎంత మిగులుతుందో చెప్పేవాళ్లు ఈ మాట కూడా చెప్పి తీరాలి.

ఆ రోజుల్లో మమ్మల్ని నిలబెట్టింది పక్కింటి ఖాలా. తన రెండు గాజులు తీసుకెళ్లి వడ్డీ తీసుకోని సంఘంలో కుదువబెట్టి డబ్బు తెచ్చిచ్చింది. పాతబస్తీలో అలాంటి సంఘాలు ఎన్నాళ్ల నుంచో ఉన్నాయి. తూర్ బైతుల్ మాల్ 1960ల నాటిది. బంగారం తూకం వేసి అప్పిస్తారు. తీర్చినప్పుడు తీసుకున్నంతే కట్టి, రాతకోతల ఖర్చు ఏదైనా ఉంటే ఇచ్చి, నగ తెచ్చుకోవడమే. నేను వద్దంటుంటే ఖాలా, "నా బిడ్డ పెళ్లికి మీ నాయిన రాత్రంతా కూసొని కుట్టిండు, నువ్వు ఊకో" అంది.

పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి సమాచార హక్కు కింద బ్యాంకును అడిగాను: నా ఖాతాకు సబ్సిడీ క్లెయిము ఏయే తేదీల్లో పంపారు? జవాబు వచ్చింది. ఏ తేదీనా పంపలేదు. ఆ కాగితం జతచేసి, బ్యాంకుకు రాసి ముప్పై రోజులు ఆగి, సైఫాబాద్ రిజర్వు బ్యాంకు భవనంలోని బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు ఇచ్చాను. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

అంబుడ్స్‌మన్ దగ్గర కుదిరిన రాజీలో చదువు నాలుగేళ్ల వడ్డీ, లక్షా ఇరవై వేలు, బ్యాంకు తిరిగి జమ చేసింది. ఆ తర్వాతి ఏడాది నలభై ఎనిమిది వేలూ, కిస్తులు తప్పినప్పటి వడ్డీ కూడా మా మీదే ఉంచింది. డిపాజిట్ అప్పులో సర్దుకుపోయింది. మిగిలింది నా జీతంలోంచి కట్టి 2019లో బాకీ లేదనే పత్రం తీసుకున్నాను. ఖాలా గాజులు అంతకంటే ముందే విడిపించాం.

ఇప్పుడు మా గల్లీలో ఎవరి పిల్లలు విద్యారుణం తీసుకున్నా వాళ్లతో బ్యాంకుకు వెళ్తాను. ధ్రువపత్రం అందినట్టు ముద్ర వేయించుకుంటాం. ఏడాదికోసారి స్టేట్‌మెంటు తీయించి సబ్సిడీ పడిందో లేదో చూస్తాం. ఇంట్లో వాళ్ల డిపాజిట్ వేరే బ్యాంకులో పెట్టిస్తాను.