సూది తాకని సూర్యబింబము

"ఇన్ని సంవత్సరములు జపము చేసితిని. నాకు లభించినదేమి?" వార్ధక్యమున అనేక సాధకుల హృదయములను దహించు ప్రశ్న ఇది. దీనికి సమాధానమును సూచించు ఒక దృష్టాంతము, మన దేశమునకు సుదూరమైన రోమ్ నగరమున నివసించిన ఒక చిత్రకారుని కృతియందు కలదు.

ఆయన పేరు క్లోడ్ లొరేన్. ఆయన 1634లో రాగిరేకుపై రచించి ముద్రించిన చిత్రము 'సూర్యోదయము'. ప్రశాంతమైన ఓడరేవు, నిలిచియున్న నౌకలు, ఒడ్డున పనివారు, దూరమున సముద్రముపై బాలభానుడు. అందు అలజడి లేదు.

ఈ ముద్రణవిధానము గమనింపదగినది. రాగిరేకుపై మైనము వంటి పూత పూసి, సూదితో గీతలు గీయుదురు. పూత తొలగినచోట ఆమ్లము రాగిని తినివేయగా సన్నని గాడులేర్పడును. వానిలో సిరా నింపి, రేకు ఉపరితలమును తుడిచి, తడి కాగితము పరచి యంత్రమున ఒత్తుదురు. గాడి ఉన్నచోట నలుపు, లేనిచోట కాగితపు తెలుపు. కనుక ఆ చిత్రమున అన్నిటికంటె ప్రకాశించు సూర్యబింబము గీయబడినది కాదు. అది సూది తాకక విడిచిన స్థలము.

కర్మఫలము ఉత్పాద్యము, ఆప్యము, వికార్యము, సంస్కార్యము అని చతుర్విధము. మోక్షము వీనిలో ఏదియు కాదని శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమున నిరూపించిరి. నిత్యసిద్ధమైన ఆత్మను జపము పుట్టింపజాలదు. కాగితపు తెలుపును కూడ చిత్రకారుడు పుట్టింపలేదు. అది సూది కదలుటకు పూర్వమే ఉన్నది.

అట్లయిన సాధన వ్యర్థమా? కాదు. గీతలే లేనిచో అది వట్టి కాగితము. అందు సూర్యుని ఎవరును చూడజాలరు. పరిసరమున ఆకాశము, జలము, నౌకలు ఓర్పుతో గీయబడినందుననే ఆ శూన్యస్థలము సూర్యుడై భాసించుచున్నది. జపతపములు చిత్తమును శుద్ధి చేయును. 'నేతి నేతి' అను విచారము ఆత్మ కానిదానిని తొలగించును. వెలుగును మాత్రము అవి కల్పింపవు.

దృష్టాంతము ఏకదేశమున మాత్రమే వర్తించును. కాగితము జడము, తన తెలుపును తానెరుగదు. ఆత్మ స్వయంప్రకాశము.

కావున సాధకుడు "ఏమి లభించినది?" అని చింతింపనక్కరలేదు. ఆ ప్రశ్న ఏ వెలుగులో తెలియబడుచున్నదో, దానిని గుర్తించిన చాలును. దానిని ఏ సూదియు తాకలేదు.