పుట్టి తాత శిష్యులు

నీళ్ల మీంచి లేచి నీళ్ల మీదే దిగే విమానాన్ని మనవాళ్లు ఈమధ్యే దగ్గరగా చూశారు. 2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర లేచిన సీప్లేన్ శ్రీశైలం జలాశయంలో దిగింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు అందులోనే వచ్చారు. టీవీలో చూసినవాళ్లంతా విమానం గురించి మాట్లాడుకున్నారు. మా ఇంట్లో మాత్రం పుట్టి తాత మాట వచ్చింది.

ఎందుకంటే ఆ జలాశయం నీళ్లే వెనక్కి, నాగర్‌కర్నూల్ జిల్లాలో మా కొల్లాపూర్ వైపు సోమశిల దాకా పరుచుకుని ఉంటాయి. తాత ఆ ఒడ్డున చేపలు పట్టి బతికిన మనిషి. మాకు చుట్టం కాదు, మా మేనమామ వాళ్ల ఊరాయన. ఆ ఊళ్లో పుట్టి నడిపేవాళ్లలో చాలామంది ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే.

పుట్టి చూడనివాళ్ల కోసం చెప్తాను. వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట అది. పూర్వం దానికి తోలు కప్పేవాళ్లు, ఇప్పుడు పట్టా చుట్టి తారు పూస్తున్నారు. దానికి ముందూ లేదు, వెనకా లేదు. చేతకానివాళ్లు తెడ్డు వేస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది.

నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల చేతికి తాత మొదట తెడ్డు ఇచ్చేవాడు కాదు. కొన్నాళ్లు ఒడ్డున కూర్చోబెట్టి, గాలి ఎటునుంచి వస్తోందో చెప్పమనేవాడు. "ఒడ్డు ఇడిసినంక ఆగుడు నీ చేతుల ఉండదు బిడ్డా. పోవాల్నా వద్దా అన్నది ఈడనే తేల్చుకోవాలె" అనేవాడు. ఆడపిల్లలకెందుకని కూడా అనలేదు. కొడుకులు హైదరాబాద్‌కు కూలికి పోతే, ఇద్దరు కోడళ్లకూ తనే నేర్పాడు. వాళ్లు వల వేసి తెచ్చిన చేపలతోనే ఆ ఇల్లు గడిచింది.

ఒకసారి అవతలి ఒడ్డుకు పోవాల్సిన పెళ్లివాళ్లు వచ్చారు. గాలి లేస్తోంది. తాత కదలనన్నాడు. ముహూర్తం మించిపోతుందని బతిమాలారు, రెండింతలు ఇస్తామన్నారు, చివరికి తిట్టారు. ఆయన బీడీ వెలిగించుకుని కూర్చున్నాడే గాని తాడు విప్పలేదు. గాలి తగ్గాక, ఎప్పుడూ తీసుకునే డబ్బులకే దాటించి వచ్చాడు. తిట్టిన మాటలు మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆయన చెప్పిన ఇంకో మాట మా అందరికీ నోటికి వచ్చు. "సప్పుడు జేసే నీళ్లు నయ్యం బిడ్డా, బండ యాడుందో అవే జెప్తయి. ఊకున్న నీళ్లనే జూసి నడువాలె. వాటి కింద మా ఊరుంది."

నిజంగానే ఉంది. 1980లలో శ్రీశైలం డ్యాంలో నీళ్లు నిలిచినప్పుడు ఈ వైపు ఎన్నో ఊళ్లు మునిగాయి. జటప్రోలు గుళ్లను రాయి రాయీ విప్పి వేరేచోట నిలబెట్టారు గాని, ఇళ్లను అలా ఎవరు తెస్తారు? ఏ గోడకు వల చిక్కుకుంటుందో, ఏ మోడుకు పుట్టి తగులుతుందో తాతకు తెలుసు. ఆ గోడల మధ్య తిరిగి పెరిగినవాడు కదా.

మా అన్నయ్య కొడుకు ఎండాకాలం సెలవులకు మేనమామ వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఆ పుట్టిలోనే ఉండేవాడు. ఇప్పుడు ఫ్లోరిడాలో సీప్లేన్ నడపడం నేర్చుకుంటున్నాడు. మొన్న ఫోన్ చేసి, "అత్తా, ఇక్కడి మా సార్ చెప్పేవన్నీ తాత మాటలే" అన్నాడు.

ఆ విమానానికి నీళ్ల మీద బ్రేకులు ఉండవట. కట్టు విప్పి ఇంజన్ స్టార్ట్ చేయగానే కదిలిపోతుందట. అలలున్న నీళ్ల కంటే, గాలి లేక అద్దంలా ఉన్న నీళ్ల మీద దిగడమే గండమట. నీళ్లలో ఆకాశమే కనిపిస్తుంది గనక, తామెంత ఎత్తులో ఉన్నారో కంటికి అందదు. అందుకని ఒడ్డు పక్కగా వచ్చి, చెట్లనీ గట్టునీ చూసి ఎత్తు పోల్చుకుంటారు. విమానం ముక్కు కాస్త పైకి ఎత్తి, నీళ్లు తగిలేదాకా ఒకే తీరున మెల్లగా దించుతారు. నీళ్ల కింద మోడో బండో ఉంటే విమానం కింది తేలే పడవలు చీలిపోతాయి. తెలియని నీళ్లయితే దిగే ముందు పైనుంచి ఒక చుట్టు తిరిగి చూసుకోవాలట.

విమానం ఎరగని మనిషికీ, పుట్టి ఎరగని మనిషికీ ఒకటే పాఠం ఎలా తెలిసింది? ఇద్దరికీ గురువు నీళ్లే కాబోలు.

మా వదినకు మాత్రం భయం తీరలేదు. రోజూ వాడి ఫోన్ వచ్చేదాకా అన్నం సయించదు. ఒకరోజు వాడు, "ఈరోజు ఎగరలేదమ్మా, గాలి బాగాలేదు. సార్ పోవచ్చన్నాడు గాని నేనే వద్దన్న" అని చెప్పాడట. ఆ రాత్రి వదిన నాకు ఫోన్ చేసి, "వాడికి తాత చదువు వచ్చింది" అంది. ఎన్నాళ్లకో ఆమె గొంతులో ధైర్యం విన్నాను.

తాత పోయి ఆరేళ్లయింది. గదిలో పెట్టుకుంటాను, ఆయన ఫొటో ఒకటి పంపమని వాడు అడిగాడు. మేనమామ వాళ్లింట్లో వెతికించాను, ఊళ్లో అడిగించాను. పెళ్లి ఫొటోల్లో కూడా ఆయన లేడు. అందరినీ దాటించి, తను ఒడ్డునే ఉండిపోయేవాడు మరి. చివరికి చిన్న కోడలు తాత తెడ్డును ఫొటో తీసి పంపింది. పట్టుకునేచోట నున్నగా అరిగి ఉంది. తెల్లారి మళ్లీ దాన్ని పట్టుకునే వేటకు పోయిందట.